పోయినవారితో మాటా మంతీ

చెరువు గట్టున పిండాలు పెట్టి అందరూ దూరంగా జరిగి నిలబడతారు. ఒక్క కాకీ రాదు. వచ్చినా చెట్టు కొమ్మమీద కూర్చొని అటూ ఇటూ చూస్తుందే గాని దిగదు. ఎండ ముదురుతూ వుంటుంది. అప్పుడు ఆ గుంపులోనుంచి ఎవరో పెద్దామె రెండడుగులు ముందుకు వేసి, "నీ మనసులో ఏముందో మాకు తెలుసు నాయనా! చిన్నదాని పెళ్లి మేం చేస్తాం. బెంగ పెట్టుకోకు. వచ్చి తిను" అంటుంది. కాకి దిగుతుంది. ఒక్కొక్కప్పుడు దిగదు. అప్పుడు మరో మాట, మరో వాగ్దానం.

మన ఇళ్లలో చాలామంది ఎరిగిన దృశ్యమే ఇది. ఆరేళ్ల కిందట మా నాన్నగారి పదోరోజున ఆ గట్టుమీద కర్తను నేనే. కాకి దిగలేదు. "ఏదయినా కోరిక మిగిలిందేమో, మీరు చెప్పండి" అన్నారు పురోహితులు. చుట్టూ బంధువులు. నేను ఎమ్మే చదివి కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. కాకితో మాట్లాడటానికి సిగ్గు వేసింది. పైగా నాకూ నాన్నగారికీ ఆఖరి యేడాది సరిగా మాటలు లేవు. పాత ఇల్లు అమ్మే విషయమై వచ్చిన పట్టింపు. చెప్పవలసిన మాట ఏమిటో నాకు తెలుసు. కాని నోరు పెగలలేదు. చివరకు మా పిన్ని ముందుకు వచ్చి ఏదో చెప్పింది. కాకి దిగింది. అందరూ తేలికపడ్డారు, నేను తప్ప.

ఆనాడు నేను మింగేసిన మాట ఏమయిందో చివర చెబుతాను. ఈలోగా, అటువంటి మాటను ఎవరినీ మింగనివ్వని ఒక జాతి కథ వినండి. వారు ఎక్కడో ద్వీపాంతరాల్లో లేరు. మన తూర్పు కనుమల్లోనే వున్నారు.

మ్యూజియంలో కనిపించనిది

విశాఖపట్నంలో కిరండోలు బండి ఎక్కితే సొరంగాలు దాటుకుంటూ అరకులోయ చేరుస్తుంది. అక్కడి గిరిజన మ్యూజియం చూడని యాత్రికుడు వుండడు. కిందటి యేడు మా విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లాను. విల్లంబులు, విసుర్రాళ్లు, నగలు, ధింసా ఆడే స్త్రీల బొమ్మలు, అన్నీ తీరికగా చూశాం. బయటికి వచ్చి కాఫీ తాగుతుండగా ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ! వీళ్ల ఇళ్లు చూశాం, కుండలు చూశాం, ఆట చూశాం. మరి వీళ్లకి దుఃఖం వస్తే ఏం చేస్తారు?"

మంచి ప్రశ్న. మనిషి వాడే సామాను బల్లమీద పెట్టి చూపవచ్చు. మనసును అలా చూపలేం. పైగా ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటి కాదు. అరకు చుట్టుపక్కల వున్న బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, వాల్మీకులు, ఎవరి ఆచారం వారిది. అయితే ఇదే కొండల వరుస పట్టుకొని ఈశాన్యంగా పార్వతీపురం, సీతంపేట దాటి, ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి కొండలదాకా వెళితే అక్కడ సవరలు వున్నారు. దుఃఖాన్ని గురించి వారు ఇచ్చిన జవాబును మాత్రం పండితులు ఏళ్లతరబడి దగ్గర కూర్చొని విని, అచ్చులో పెట్టారు.

సవరలు మనకు కొత్తవారేం కాదు. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడి శాపం తగిలిన కొడుకుల సంతతిగా ఆంధ్రుల పేరూ శబరుల పేరూ ఒకే వాక్యంలో వస్తాయి. అంటే పుస్తకంలోకి మనమూ వారూ జంటగానే ఎక్కామన్నమాట. రాముడికి పండ్లు పెట్టిన శబరి పేరు తెలియని పిల్లవాడు లేడు. కాని సవరల మాట మన మాట వంటిది కాదు. తెలుగు ద్రావిడభాష. సవర ముండా శాఖకు చెందినది. పక్క పక్కన కొన్ని వేల సంవత్సరాలు బతికినా, ఒకరి మాట ఒకరికి తెలియక మనం వారిని అడవిమనుషులని తోసేశాం.

చెవులు ఇచ్చిన పంతులుగారు

ఆ తోపును ఒక్క మనిషి ఒప్పుకోలేదు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆగస్టు 29 వచ్చిందంటే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకొంటాం. 1863లో ఆయన పుట్టిన రోజు అది. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. దానికంటె ముందే ఆయన సవరల మాట వినడం మొదలుపెట్టారన్న సంగతి అంతగా తెలియదు.

1880లో పర్లాకిమిడిలో పదిహేడేళ్ల వయసున బడిపంతులుగా చేరారు. సంతకు దిగివచ్చే సవరలను చూశారు. వారి భాష నేర్చుకోవాలనుకొన్నారు. పుస్తకం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. ఆ భాష తెలిసిన దుబాసీని ఇంట్లో పెట్టుకొని ఒక్కొక్క మాటే నేర్చారు. కొండలెక్కి పల్లెల్లో తిరిగారు. మన్యపు చలిజ్వరం పట్టుకొన్నది. దానికి మింగిన క్వినైను చెవులను పాడుచేసింది. వినడానికి వెళ్లిన మనిషి వినికిడినే పోగొట్టుకొని వచ్చాడు! అయినా మానలేదు. సవర వాచకాలు వ్రాశారు. సొంత డబ్బు పెట్టి వారికి బడి నడిపారు. 1931లో సవర వ్యాకరణమూ, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువూ అచ్చయ్యాయి. ఆ కృషిని ఆయన కుమారుడు సీతాపతిగారు కొనసాగించారు.

పంతులుగారి రెండు ఉద్యమాల వెనుక వున్న నమ్మకం ఒకటేనని నాకనిపిస్తుంది. మనిషి తన సుఖదుఃఖాలు తన నోట వచ్చే మాటలో చెప్పుకోలేకపోతే తన బతుకుమీద తనకు చేయి వుండదు. కచేరీలో అర్జీ అయినా సరే, గుండెల్లో దిగులైనా సరే, అరువు తెచ్చుకొన్న భాషలో అది సగమే బయటికి వస్తుంది.

కాళ్లు చాపుకొని కూర్చొన్న స్త్రీ

పంతులుగారి తరవాత ఆ కొండలకు వెళ్లినవారిలో ఇద్దరిని చెప్పుకోవాలి. ఒకరు వెరియర్ ఎల్విన్. సవరల మతాన్ని గురించి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథం 1955లో వచ్చింది. రెండవవారు పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లీషు మానవశాస్త్రజ్ఞుడు. 1970ల నడుమ పడుచువాడుగా ఒడిశా సవర పల్లెలకు వచ్చి, భాష నేర్చి, వారి మధ్య కాపురమున్నాడు. 1993లో 'మృతులతో సంభాషణలు' అని అర్థం వచ్చే పేరుతో పుస్తకం ప్రకటించాడు. వీరు చూసి చెప్పినది సంగ్రహంగా ఇది.

ఊళ్లో ఒకరు చనిపోయారు. దహనం అయింది. కొన్నాళ్లకు మృతుడి పేర రాయి పాతి దున్నను బలి ఇచ్చే గువార్ పండుగ, ఆపైన యేటేటా కార్జా అనే పండుగ చేస్తారు. ఈ సందర్భాల్లోనూ, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడూ కురాన్ అనే పూజారి కావాలి. చావుకు సంబంధించిన పెద్ద తంతులు నడిపేవారు ఎక్కువగా స్త్రీలే. వారిని కురాన్‌బోయ్ అంటారు.

ఆమె నేలమీద కాళ్లు బారజాపుకొని కూర్చొని పాట ఎత్తుకొంటుంది. తనకంటె ముందు ఈ పని చేసి పోయినవారిని పిలుస్తుంది. పాట సన్నగిల్లుతుంది. తల వాలిపోతుంది. కాళ్లూ చేతులూ కొయ్యబారిపోతాయి. పక్కవారు పట్టి మోకాళ్లు వంచి, బిగిసిన పిడికిళ్లు విప్పుతారు. ఆమె ప్రాణం కోతిలాగా కొండచరియలు పట్టుకొని దిగుతూ పాతాళానికి పోయిందని వారి నమ్మిక. ఖాళీ అయిన ఆమె గొంతులోకి ఒకరి తరవాత ఒకరుగా పోయినవారు వస్తారు. రాగానే జీలుగు కల్లు అడుగుతారు. తాగుతారు. ఆపైన మాటలు మొదలవుతాయి.

మనం ఊహించుకొనే పూనకం వేరు. మన దగ్గర అమ్మవారు పూనితే ఆమె చెబుతుంది, మనం వింటాం. ఇక్కడ రెండు వైపులా మాటే! వచ్చిన తండ్రి, "జ్వరంతో పడివుంటే మందు ఎందుకు తేలేదు?" అని నిలదీస్తాడనుకొందాం. కొడుకు, "తెచ్చాను, నువ్వే తాగలేదు" అంటాడు. పక్కింటి అవ్వ కలగజేసుకొని, "వాడు తెచ్చిన మాట నిజమే, నేను చూశాను" అని సాక్ష్యం చెబుతుంది. పొలం గొడవలు, తీరని అప్పులు, కూతురికి రావలసిన నగలు, దాచిన సంగతులు, అన్నీ బయటికి వస్తాయి. ఏడుస్తారు, పోట్లాడతారు, నడుమ నవ్వుకొంటారు కూడా. ఈ తరహా సంభాషణ ఒక రోజుతో తీరదు. ఒక్క మనిషి విషయంలో ఏళ్లతరబడి సాగుతుంది.

ప్రేమే జబ్బు అయినప్పుడు

పోయినవారిని సవరలు సోనుం అంటారు. మనిషి ఏ రకంగా చనిపోయాడో ఆ అనుభవమే మొదట్లో వాడి ఉనికి. పులి చంపినవాడు పులి సోనుంలో చేరతాడు. చెట్టుమీదనుంచి పడో, కత్తివేటుకో పోయినవాడు సూర్యుడిలో వుంటాడు. వాడు బతికివున్న తనవాళ్లను మరవలేడు. కావాలనుకొంటాడు. ఆ కోరికతోనే వచ్చి ముట్టుకొంటాడు. ముట్టుకొంటే తాను పడిన బాధే వీరికీ పట్టుకొంటుంది. దగ్గుతో పోయిన తల్లి వస్తే బిడ్డకు దగ్గు వస్తుంది. పగకంటె ప్రేమవల్లనే ఎక్కువ ప్రమాదం!

ఇది మూఢనమ్మకమని కొట్టివేయడం సుళువు. దగ్గుకు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి, సందేహం లేదు. కాని ఒక్క క్షణం ఆగి చూడండి. భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు ఆయనకు ఎక్కడ నొప్పి వచ్చిందో అక్కడే తనకూ నొప్పి వస్తున్నదని చెప్పడం మనం వినలేదూ? పోయినవాడి ఆఖరి ఘడియే పదేపదే కళ్లకు కట్టడం, వాడి నవ్వు గుర్తుకు రాకపోవడం ఎరగమూ? సవరలు ఆ అనుభవానికి ఒక పేరు పెట్టి, మనిషిలోనుంచి బయటికి తీసి, ఎదురుగా కూర్చోబెట్టి, "ఏమిటి నీకు కావలసింది?" అని అడిగారు. జవాబు వచ్చేదాకా అడిగారు.

అడగగా అడగగా సోనుం మెత్తబడుతుంది. చావు తాలూకు బాధ వదిలి, పితరులలో కలుస్తుంది. ఇప్పుడు పీడించదు, కాపాడుతుంది. ఆపైన ఇంట పుట్టిన పసిబిడ్డకు తన పేరు పెట్టనిస్తుంది. తాతపేరు మనవడికి పెట్టుకోవడం మనకూ వున్నదే! సవరలకు మాత్రం అది రాజీ కుదిరిందనడానికి గుర్తు. ఇంకా చాలాకాలానికి ఆ పెద్ద పాతాళంలో రెండోసారి చనిపోయి సీతాకోకచిలుక అవుతాడట. అప్పటికి అతణ్ణి ఎరిగినవారెవరూ మిగలరు. దుఃఖం రెక్కలు కట్టుకొని ఎగిరిపోయిందన్నమాట.

ఈ మాటలకు తోడు బొమ్మలు కూడా వున్నాయి. ఇంటి గోడమీద ఎర్రమట్టి పూసి, తెల్లని బియ్యపు పిండితో సోనుం కోసం బొమ్మ వేస్తారు. అదే ఈనాడు పట్టణాల్లో గుడ్డమీదా కాగితంమీదా అమ్మే సవర చిత్రకళకు మూలం. ఏం వేయాలో కలలో తెలుస్తుంది. ఎల్విన్ చూసిన గోడలమీద ఏనుగులూ రాజులూ మాత్రమే కాదు, సైకిళ్లూ రైళ్లూ విమానాలూ కూడా వున్నాయి. కొండ దిగిన సవరకు ఎక్కడానికి దొరకని వాహనాలన్నీ పితరులకు దొరికాయి. పూజారిణికి పాతాళంలో ఒక మగడు వుంటాడు. అతడు సాధారణంగా పల్లపు దేశపు గొప్ప కులస్థుడు. పగలు తమను అణచిపెట్టినవారితో రాత్రి ఆ లోకంలో వియ్యమందారు. లోకం ఇవ్వనిది మనసు సంపాదించి పెట్టింది.

వియన్నా నగరంలో ఇదే ప్రశ్న

సవరల కొండలు ఎన్నడూ చూడని ఒక వైద్యుడు దూరాన వియన్నా నగరంలో ఇదే ప్రశ్నతో కుస్తీ పట్టాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్. 1895లో ఆయనా బ్రాయర్ అనే మరో వైద్యుడూ కలిసి ప్రకటించిన పుస్తకంలో ఒక యువతి వుంది. తండ్రి జబ్బుపడి చనిపోయిన రోజుల్లో ఆమెకు చేయి పడిపోయింది, మాట తడబడింది. మనసులోని సంగతులు చెప్పుకొంటూ పోతే కొంత నెమ్మదించేది. దానికి 'మాటల వైద్యం' అని ఆమే పేరు పెట్టింది.

1917లో ఫ్రాయిడ్ దుఃఖాన్ని గురించి ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. దుఃఖపడటం కూడా ఒక పని అన్నాడు. పోయినవారినుంచి మనసును కొంచెం కొంచెంగా విడదీసుకోవాలి. అది జరగని మనిషి తనను తాను నిందించుకొంటూ కుంగిపోతాడు. ఆ నిందలు జాగ్రత్తగా విన్నారా, చాలామటుకు అవి పోయినవారిమీద వేయవలసిన నిందలే! నోరు రాక తనమీదికి తిప్పుకొన్నాడు.

సవరలను ఫ్రాయిడ్ పక్కన పెట్టి చూసిన విటెబ్‌స్కీ ఒక భేదం పట్టుకొన్నాడు. ఫ్రాయిడ్ లెక్కలో పోయినవాడు ఎక్కడా లేడు. వున్నది బతికినవాడి మనసులోని జ్ఞాపకమే. పని అంతా ఒంటరిగా లోపలే జరగాలి. సవర లెక్కలో పోయినవాడికి సొంత గొంతు వుంది, సొంత ఇష్టం వుంది, మారే గుణం వుంది. పని నలుగురి మధ్యా జరుగుతుంది. నింద లోపల కుళ్లదు. ఎదుట పడుతుంది. దానికి జవాబు వుంటుంది, సాక్షులు వుంటారు.

విశేషమేమంటే, పాశ్చాత్య మనస్తత్వశాస్త్రం కూడా తరవాత ఈ దిక్కుకే కొంత జరిగింది. పోయినవారితో బంధం తెంచుకోవడం కంటె దాన్ని మార్చుకొని నిలుపుకోవడం ఆరోగ్యమని చెప్పే 'కొనసాగే బంధాలు' అనే పుస్తకం 1996లో అమెరికాలో వచ్చింది. ఎంతకూ తెమలని దుఃఖం వైద్యసహాయం కావలసిన స్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకొని, 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన వ్యాధుల పట్టికలో దాన్ని చేర్చింది. ఆరు నెలలు దాటినా బతుకు సాగనివ్వనంత దుఃఖం వుంటే సిగ్గుపడకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లవచ్చు. "కాలమే మాన్పుతుంది" అని వూరుకోనక్కరలేదు.

కర్త, కర్మ, క్రియ

తెలుగు పంతులును గనుక ఒక వ్యాకరణం ముక్క చెప్పనివ్వండి. వాక్యంలో పని చేసేవాడు కర్త. ఆ పని ఎవరిమీద పడుతుందో వాడు కర్మ. "దుఃఖం నన్ను కుంగదీసింది" అన్న వాక్యంలో దుఃఖం కర్త. నేను కర్మను. నాపాటికి నేను పడివున్నాను. అపరకర్మలు చేసే కొడుకును మన పెద్దలు ఏమన్నారు? కర్త అన్నారు. ఎంత లోతైన మాట! ఏమీ చేయలేని సమయంలో కూడా నువ్వు చేయవలసింది ఒకటి వుంది, నువ్వే చేయాలి అని ఆ మాట అర్థం.

అయితే దర్భలు పట్టుకొన్నంతమాత్రాన ఎవడూ కర్త కాడు. తన మనసులో ఏం జరుగుతున్నదో చూడగలగాలి. చూసినదానికి పేరు పెట్టగలగాలి. "ఇది కోపం", "ఇది నా తప్పు", "ఇది ఆయన తప్పు" అని విడదీసి చెప్పగలగాలి. అలా చెప్పుకోగలిగిన అనుభవంమీద మనిషికి పట్టు చిక్కుతుంది. చెప్పుకోలేని అనుభవం మనిషిని పట్టుకొంటుంది. మనస్తత్వశాస్త్రమంతా చదివినా దీనికంటె పెద్ద సూత్రం నాకు కనిపించలేదు. చదువు రాని సవర రైతు దీన్ని ఆచరణలో పెట్టాడు.

మారిన కొండలు

ఇప్పుడా కొండలకు వెళ్లి ఈ సంభాషణలు వింటామంటే చాలా ఊళ్లలో వినబడవు. విటెబ్‌స్కీ 2017లో మరో పుస్తకం వ్రాశాడు. దాని పేరు 'మృతులు లేని బతుకు' అన్నట్టుగా వుంటుంది. తాను మొదట చూసినప్పుడు ఇంటింటా వున్న ఆచారం, నలభై ఏళ్లు తిరిగేసరికి దాదాపు అంతరించిందని అందులో చెప్పాడు. పిల్లలు బడికి వెళ్లారు. చాలామంది బాప్టిస్టు క్రైస్తవులయ్యారు. కొందరు హిందూ సంప్రదాయాల వైపు మొగ్గారు.

దీనికి ఎవరినో నిందించడం తేలిక. కాని చావుకొక దున్న, జబ్బుకొక పంది అంటే అప్పులు ఎవరు తీరుస్తారు? పూజారిణి తాతలతో మాట్లాడించగలదు గాని, తాలూకా కచేరీలో కాగితం చదివి పెట్టలేదు. కాగితం చదవగలగడమూ ఒక కర్తృత్వమే. ఆ దారిని పడుచువారు తామే ఎంచుకొన్నారు. మన మ్యూజియం కోసం వారు దున్నలు కోస్తూ కూర్చోవాలని కోరే హక్కు మనకు లేదు.

పోగొట్టుకొన్నదీ వుంది. తల్లి స్వర్గంలో సుఖంగా వుందని కొత్త మతం చెబుతుంది. ఆ ఓదార్పు గొప్పదే. కాని ఆమెతో మిగిలిపోయిన గొడవ ఎవరితో తేల్చుకోవాలి? గిడుగువారు, ఎల్విన్, విటెబ్‌స్కీ చెవులు ఒగ్గి వినకపోతే, అలా తేల్చుకొనే విధానం ఒకటి వుండేదని కూడా రేపటి సవర పిల్లకు తెలియకపోను. వ్రాసి పెట్టినందుకు ఆమె చదువుకొంటుంది. ఏది వుంచుకోవాలో ఏది వదలాలో ఆమే తేల్చుకొంటుంది.

అరకులో ప్రశ్న అడిగిన అమ్మాయికి తరవాతి వారం క్లాసులో ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. గంట కొట్టాక, "మరి మనమేం చేస్తాం మాస్టారూ?" అన్నది. వెంటనే జవాబు తోచలేదు.

మొన్న నాన్నగారి తద్దినం పెట్టాను. భోక్తలు భోజనాలు చేసి వెళ్లారు. విస్తరి తీసుకొని డాబామీదికి వెళ్లాను. పిట్టగోడమీద పెట్టి వెనక్కు జరిగాను. చుట్టూ ఎవరూ లేరు. "ఆ ఇల్లు అమ్మడం నాకిష్టం లేక కాదు నాన్నా! నన్ను అడక్కుండా బేరం పెట్టావని కోపం వచ్చింది. నువ్వు ఆసుపత్రిలో వున్నప్పుడు ఆ మాట ఎత్తకుండా వుండవలసింది. అది నా తప్పు. అడగకపోవడం నీ తప్పు" అన్నాను. గట్టిగానే అన్నాను.

వెనక అలికిడి అయితే తిరిగి చూశాను. మెట్లమీద మా అమ్మ! ఎప్పుడు వచ్చిందో తెలియదు. కొంగుతో కళ్లు ఒత్తుకొని, "మీ నాన్న ఒకసారి వద్దంటే వినే మనిషిరా? నన్ను మాత్రం అడిగాడనుకొన్నావా?" అన్నది. ఇద్దరం నవ్వుకొన్నాం. ఆరేళ్లలో ఆయన సంగతి మాట్లాడుకొని మేమిద్దరం నవ్వడం అదే మొదటిసారి.

కాకి అప్పటికే వచ్చి తింటున్నది.